బాబు కుర్చీ ఎవరికిచ్చారు?

ఒకప్పుడు మన ఊళ్ళలో పోయినవాళ్ళ పేర్లు ఫ్యాను రెక్కల మీద ఉండేవి. ఎలిమెంటరీ స్కూల్లో మూడు రెక్కల ఫ్యాను, ఒక రెక్క మీద ఎర్ర పెయింటుతో పేరు, రెండోదాని మీద 'జ్ఞాపకార్థం', మూడోదాని మీద ఇచ్చినవాళ్ళ ఇంటిపేరు. తిరుగుతున్నంతసేపూ ఏమీ కనపడదు, కరెంటు పోతే అందరూ చదువుకోవచ్చు. బస్టాండులో సిమెంటు బెంచీ, రామాలయంలో ట్యూబులైటు, గ్రంథాలయంలో గోడ గడియారం, ఎండాకాలం చలివేంద్రం పందిరికి కట్టిన గుడ్డ బ్యానరు. తాతలకీ నాయనమ్మలకీ ఇవి సరిపోయాయి. నడక రాక, మాట రాక, ఎనిమిదేళ్ళకో పన్నెండేళ్ళకో వెళ్ళిపోయిన పిల్లల పేర్లు మాత్రం ఆ రెక్కల మీద ఎక్కడా కనిపించేవి కావు.

దానికి కారణం ప్రేమ లేకపోవడం కాదు. పసిపిల్లలు పోతే మన ఇళ్ళలో చేసే తంతు తక్కువ. చాలా కుటుంబాల్లో దహనం ఉండదు, పాతిపెడతారు. మాసికాలు లేవు, ఏటేటా తద్దినం లేదు. 'పిల్లాడికి అవేం అక్కర్లేదమ్మా' అని పంతులుగారు చెప్పేస్తారు. పన్నెండేళ్ళు రోజుకి నాలుగుసార్లు గోరుముద్దలు పెట్టి, రాత్రి రెండుసార్లు లేచి పక్కకి తిప్పి పడుకోబెట్టిన తల్లికి ఆ మాటతో ఏడాదిలో ఒక్క రోజు కూడా మిగలదు. అందుకే ఇలాంటి ఇళ్ళలో పోయిన తిథి కంటే పుట్టినరోజు పెద్దదవుతుంది. ఆ రోజు ఏదో ఒకటి చెయ్యాలి. క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞాపకార్థ కూడిక ఉంది, ముస్లిం ఇళ్ళలో బిడ్డ పేరు మీద సదఖా (దానం) ఇస్తారు. మిగతావాళ్ళు అనాథాశ్రమానికి ఫోను చేసి 'ఒక పూట భోజనం ఎంతండీ' అని అడుగుతారు.

ఇంతలో చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటుంటుంది: బాబు కుర్చీ ఎవరికిచ్చారు? అడిగేవాళ్ళకి అదొక మాట. ఇంట్లోవాళ్ళకి ఆ చక్రాల కుర్చీ వరండాలో సగం ఆక్రమించిన వస్తువు, పారెయ్యలేరు, చూడలేరు. బిడ్డ పేరు మీద ఇవ్వగలిగినవాటిలో అన్నిటికంటే విలువైనది చాలాసార్లు ఆ కుర్చీయే. కానీ దాన్ని ఇవ్వడం ఎలాగో తెలిసి ఇవ్వాలి.

1980ల్లో, 90ల్లో వికలాంగ పిల్లలంటే జనం కళ్ళకి కట్టేది పోలియో. ఇనప కడ్డీలు, తోలు పట్టీలు, బరువైన బూటుతో క్యాలిపర్లు. ఎదిగే పిల్లలకి ఏడాది, ఏడాదిన్నరకి పొట్టివైపోయేవి. కడ్డీ పొడుగు పెంచి, తోలు మార్చి ఇంకొకరికి బిగించేవాళ్ళు. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రికి ఆపరేషన్ల కోసం నాలుగు జిల్లాల అవతల నుంచీ వచ్చేవాళ్ళు. క్లబ్బులవాళ్ళు స్టేజీ కట్టి, షామియానా వేసి, వరసగా మూడు చక్రాల సైకిళ్ళు పంచేవాళ్ళు. పోలియో కాళ్ళకి వచ్చినవాడికి చేతులు గట్టివి, అతనికి ఆ సైకిలు నిజంగానే కాళ్ళు. అదే సైకిలు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కండరాలు అదుపులో లేని) పిల్లాడికీ ఇచ్చారు. నడుం నిలబడనివాడు, రెండు చేతులతో పెడలు పట్టలేనివాడు దాన్ని ఏం చేసుకుంటాడు? ఆ సైకిళ్ళ మీద ఎరువు బస్తాలు ఎక్కాయి, బట్టలు ఆరాయి. ఇచ్చినవాళ్ళ ఫోటో పేపర్లో పడింది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని దేశమని ధ్రువీకరణా వచ్చింది. అయినా వికలాంగుడంటే మూడు చక్రాల సైకిలే అన్న ఊహ మాత్రం దాతల మనసులోంచి ఇంకా పూర్తిగా పోలేదు.

సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం కోస్తా ఊళ్ళ నుంచి సికింద్రాబాద్ వెళ్ళేవాళ్ళు. 1984లో బోయినపల్లిలో కేంద్ర ప్రభుత్వం మానసిక వికలాంగుల జాతీయ సంస్థ పెట్టింది. ఆ చోటుకే మనోవికాస్ నగర్ అని పేరు పడింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని, ఇంకో చేత్తో క్యారియరు పట్టుకుని ఆటో మాట్లాడుకునేవాళ్ళు. వస్తువులు చేతులు మారడం ఆ వరండాల్లోనే మొదలైంది. తెనాలి తల్లికి ఏలూరు తల్లి పరిచయం. ఒకరి పిల్లాడికి కార్నర్ చైరు (వీపుకి రెండు పక్కలా ఆసరా ఇచ్చే కుర్చీ) ఇరుకైందంటే ఇంకొకరి పాపకి అది వదులుగా ఉన్నా పనికొస్తుంది. ఇన్‌లాండ్ ఉత్తరంలో కొలతలు రాసుకునేవాళ్ళు, కుర్చీ ఆర్టీసీ బస్సు టాపు మీద వచ్చేది. ఎవరి బిడ్డ అయినా పోతే ఆ వార్తా అదే ఉత్తరంలో, కింద ఒక్క వాక్యం: 'కుర్చీ పంపుతాను, కొలతలు రాయండి వదినా.' ఇచ్చేముందు కొలత అడగడం తెలిసినవాళ్ళు ఆ తల్లులే. ఇవాళ వాట్సాప్‌లో 'వీల్‌చైర్ ఉంది, కావాల్సినవాళ్ళు తీసుకోండి' అని ఫోటో పెట్టేవాళ్ళు ఆ ఒక్క అలవాటూ నేర్చుకుంటే చాలు.

కొలతలు నాలుగు. పిల్లను గట్టి బల్ల మీద, మోకాళ్ళు తొంభై డిగ్రీలకి వంచి కూర్చోబెట్టి, ఇంకొకరు నడుం పట్టుకోగా, టైలరు టేపుతో తీయాలి. పడుకోబెట్టి తీస్తే తప్పు వస్తుంది. మొదటిది తుంటి వెడల్పు. దానికి రెండు సెం.మీ. కలిపితే సీటు వెడల్పు. 'ఎదుగుతుందిలే' అని ఆరు సెం.మీ. కలిపితే పిల్ల ఒక పక్కకి వాలిపోతుంది, వెన్ను ఆ పక్కకే వంకర తిరుగుతుంది. రెండోది పిర్రల వెనక నుంచి మోకాలి వెనక మడత దాకా. అందులోంచి మూడు నాలుగు సెం.మీ. తగ్గిస్తే సీటు లోతు, అంటే మోకాలి మడతకీ సీటు అంచుకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. సీటు లోతు ఎక్కువైతే అంచు పిక్కకి గుచ్చుకుంటుంది, పిల్ల ముందుకి జారుతుంది, జారితే నడుం గుండ్రంగా వంగి గడ్డం ఛాతీ మీదికి వస్తుంది. అన్నం గొంతులో అడ్డం పడేది అప్పుడే. మూడోది మోకాలి మడత నుంచి మడమ దాకా, రోజూ వేసే స్ప్లింటూ (కాలికి కట్టే ప్లాస్టిక్ ఆసరా) బూటూ తొడిగి కొలవాలి. కాళ్ళు ఆనే పలక కిందికి ఉంటే కాళ్ళు వేలాడి మళ్ళీ జారుడే. మరీ పైకి ఉంటే తొడలు లేచి ఒంటి బరువంతా పిర్ర ఎముకల మీద పడి పుండు పడుతుంది. నాలుగోది కూర్చున్న చోటి నుంచి భుజం దాకా, మెడ నిలవకపోతే నడినెత్తి దాకా.

ఒక ఉదాహరణ. బాబు కుర్చీ సీటు లోతు 34 సెం.మీ., వెడల్పు 32. తీసుకోబోయే పాపకి కావాల్సింది లోతు 28, వెడల్పు 26. కుర్చీ పనికిరాదని వదిలేయక్కర్లేదు. వెనక ఆనుకునే చోట 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ముక్క, దాని మీద 50 మిల్లీమీటర్ల గట్టి ఫోం అతికిస్తే దాదాపు ఆరు సెం.మీ. ముందుకొస్తుంది. రెండు పక్కలా మూడేసి సెం.మీ. ఫోం దిండ్లు. పాప ఎదిగేకొద్దీ మొదట పక్క దిండ్లు తీసేస్తారు, తర్వాత వెనకది. కుర్చీ ఇంకో రెండు మూడేళ్ళు నడుస్తుంది. పరుపుల షాపులో మెత్తగా ఉందని మామూలు ఫోం తెస్తే ఆరు నెలల్లో అణిగిపోయి పాప చెక్క మీద కూర్చున్నట్టే అవుతుంది, కాబట్టి 40 డెన్సిటీ అని అడిగి తేవాలి. పైన రెక్సిన్ కుట్టించేటప్పుడు కుట్టు సీటు మధ్యలో రాకూడదు. ఉచ్చ ఆ కుట్టు కన్నాల్లోంచే ఫోంలోకి దిగుతుంది, ఆ వాసన ఎంత ఎండబెట్టినా పోదు. కుట్లన్నీ పక్క అంచులకి వేయించాలి.

అసలు ఇచ్చే ముందు పాత ఫోం, పాత రెక్సిన్ తీసి పారెయ్యాలి. వాటిని ఉతికి ఇవ్వడం మర్యాద కాదు, మంచిదీ కాదు. ఫ్రేముని సబ్బునీళ్ళతో కడిగి, బజార్లో దొరికే ఐదు శాతం బ్లీచు ఒక వంతుకి యాభై వంతుల నీళ్ళు కలిపి తుడిచి, పది నిమిషాలాగి మంచినీళ్ళతో మళ్ళీ తుడవాలి. బ్లీచు అలాగే ఆరితే క్రోమియం పూత పొక్కులు పొక్కి తుప్పు పడుతుంది. తర్వాత ముందు చిన్న చక్రాలు. మధ్యలో బోల్టు 13 నంబరు స్పానరుతో విప్పి చూస్తే జుట్టూ దారాలూ బేరింగుకి ఉండలా చుట్టుకుని ఉంటాయి. 'కుర్చీ ఒక పక్కకే లాగుతోంది' అని చాలామంది తిప్పలు పడేది ఆ ఉండ వల్లే, బ్లేడుతో కోసి తీస్తే సరి. బ్రేకు పట్టకపోతే వెంటనే బ్రేకు మార్చకండి, ముందు గాలి చూడండి. టైరులో గాలి తక్కువైతే బ్రేకు కడ్డీ టైరుకి ఆనదు. వెల్‌క్రో పట్టీల్లో దుమ్మూ వెంట్రుకలూ పేరుకుంటే పాత దువ్వెనతో గీకితే మళ్ళీ అంటుకుంటుంది, అప్పటికీ అంటకపోతే 50 మిల్లీమీటర్ల కొత్తది కుట్టించాలి. గమ్ముతో అతికించినది ఎండాకాలం చెమటకి ఊడొస్తుంది. ఇక బెల్టు. నడుం బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల కింద, తొడలు మడిచే చోట నలభై ఐదు డిగ్రీల వాలుగా పట్టాలి. పొట్ట మీద కడితే పిల్ల జారినప్పుడు అదే బెల్టు ఛాతీ మీదికీ అక్కణ్ణుంచి మెడ మీదికీ వస్తుంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు, కొత్తవాళ్ళకి చేత్తో చూపించి చెప్పాలి.

కుర్చీతో పాటు ఒక అట్టముక్క మీద మార్కరుతో రాసి సీటు కింద అతికించే పద్ధతి మంచిది: సీటు లోతు, వెడల్పు, ఏ సంవత్సరం కొన్నది, ఏ స్పానరు, ఏ బోల్టు వదులవుతుంటుంది. బిడ్డ పేరూ అక్కడే ఉండాలి. వీపు వెనక పెద్ద అక్షరాలతో రాయించడం వద్దు. తీసుకునే తల్లి నోరు తెరిచి అనకపోయినా, పోయిన పిల్లాడి పేరు తన బిడ్డ వీపున మొయ్యడం ఆమెకి ఇష్టం ఉండదు. అశుభం అనుకుంటుంది, అనుకోవడంలో తప్పూ లేదు.

మిగతా సామాను సంగతి త్వరగా. స్టాండింగ్ ఫ్రేము (పిల్లని నిలబెట్టే చట్రం), ట్రే, మోకాళ్ళకి కట్టే గుడ్డ గెయిటర్లు ఉతికి ఇచ్చేయవచ్చు. ప్లాస్టిక్ స్ప్లింట్లు, అదే ఏఎఫ్‌ఓలు, ఎవరికీ ఇవ్వకూడదు. ఆ బిడ్డ కాలికి అచ్చు తీసి పోసినవి అవి. వేరే కాలికి తొడిగితే గంటలో మడమ దగ్గర ఒరుస్తుంది, మాట రాని పిల్ల నొప్పి అని చెప్పలేదు. (తన సొంత స్ప్లింటుకైనా లెక్క ఇదే: విప్పాక ఎర్రటి మచ్చ ఇరవై నిమిషాలకీ పోకపోతే అది సరిపోవడం లేదని.) వాటి మీద వేసే ఒక సైజు పెద్ద బూట్లు మాత్రం ఇవ్వవచ్చు, వాటికోసం అందరూ వెతుక్కుంటారు. నెబ్యులైజరు ఇస్తే మాస్కూ గొట్టమూ కొత్తవి కొని ఇవ్వాలి, ఫిల్టరు మార్చాలి. గొంతులో కఫం లాగే సక్షన్ మెషీనుకి సీసా, ట్యూబు కొత్తవి. ఏడాదిగా మూలన పడున్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్ని టెక్నీషియనుతో ఆక్సిజన్ శాతం కొలిపించకుండా ఎవరి ఇంటికీ పంపకండి. లోపలి గుళికలు చెమ్మ పీల్చుకుంటే మెషీను మోగుతూనే ఉంటుంది, వచ్చేది మాత్రం మామూలు గాలి. ఫిట్స్ మందులు, మూత తీసిన వాల్‌ప్రోయేట్ సిరప్ ఎంత మిగిలినా, ఎంత ఖరీదైనా ఇవ్వకూడదు.

ఎవరికివ్వాలంటే, తెలుగు రాష్ట్రాల్లో చాలా మండలాల్లో దివ్యాంగ పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది. ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. అక్కడి రిసోర్సు పర్సన్లకి ఏ ఊళ్ళో ఏ పిల్లకి ఏం కావాలో ఇంటింటికీ తెలుసు. మంచం దిగలేని పిల్లల ఇళ్ళకి వెళ్ళేదీ వాళ్ళే. అనంతపురం వైపు ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, వికలాంగుల పని పల్లెల్లో ఏళ్ళుగా చేస్తోంది. వస్తువు తీసుకెళ్ళి ఆఫీసు గుమ్మంలో దింపి రావద్దు. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు కనుక్కుని, ఆ రోజు తీసుకునే పిల్ల ఉండగా వెళ్ళండి. బాబు తల్లి పక్కన నిలబడితే కొలతకి అందని సంగతులు నాలుగు చెబుతుంది: తుమ్మినప్పుడు కాళ్ళు బిగుసుకుంటాయి కాబట్టి పలకకి పట్టీ ఉండాలనీ, మధ్యాహ్నం తర్వాత మెడ వాలిపోతుంది కాబట్టి అప్పుడు వీపు పదిహేను డిగ్రీలు వెనక్కి వంచాలనీ. పన్నెండేళ్ళు పెంచి నేర్చుకున్న ఈ విద్య ఏ క్యాటలాగులోనూ దొరకదు.

పుట్టినరోజు భోజనం దగ్గర జరిగే పొరపాట్లు వేరు. స్పెషల్ స్కూలు గేటు దగ్గర ఈ మాటలు ఏటా వినిపిస్తాయి.

'టీచరు గారూ, లడ్డూలు యాభై, మిక్స్చర్ రెండు కేజీలు, కేకూ తెచ్చామండీ. బాబుకి కేకంటే ఇష్టం.'

'సంతోషం అమ్మా. మిక్స్చర్ మాత్రం స్టాఫుకి పెడదాం. లడ్డూ ఆ చివర వరసకి వద్దు, ఆ పాపకి అస్సలు వద్దు.'

ఆ పాప కీటో డైటులో ఉంది. మందులకి లొంగని ఫిట్స్‌కి ఇచ్చే, కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం బాగా తక్కువ ఉండే తిండి అది. ఒక్క లడ్డూ చాలు, నెలల కష్టం పోయి ఫిట్స్ తిరిగి రావడానికి. చివర వరసవాళ్ళకి మింగడం కష్టం. పొడిగా రాలేవీ, నమిలితే ముక్కలయ్యేవీ కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మంచినీళ్ళలాంటి పల్చటివీ అంతే. వీళ్ళకి చిక్కటి రాగిజావ క్షేమం. బెలూన్లు అసలే వద్దు. ఒక్కటి టప్పుమంటే సెరిబ్రల్ పాల్సీ పిల్లలు ఒళ్ళంతా బిగుసుకుని కుర్చీలోంచి జారతారు. స్పైనా బైఫిడా (వెన్నెముక సరిగ్గా మూసుకోకుండా పుట్టిన) పిల్లల్లో చాలామందికి రబ్బరు పాలు పడదు, బెలూను ముట్టుకున్నా ఒంటి మీద దద్దుర్లు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం.

అందరికీ ఒకే వంట కావాలంటే మెత్తటి పెసరపప్పు పొంగలి. యాభై మంది పిల్లలకి బియ్యం రెండున్నర కేజీలు, పెసరపప్పు దాదాపు 1.9 కేజీలు, అంటే బియ్యం ఒక గ్లాసుకి పప్పు ముప్పావు గ్లాసు, నీళ్ళు ఆరు గ్లాసుల లెక్కన. మామూలు పొంగలికి పోసే నీళ్ళ కంటే ఇది ఎక్కువే, గరిటె జారుగా ఉండాలి. మిరియాలు గింజలుగా వెయ్యకుండా పొడి కొట్టాలి. జీడిపప్పు వద్దు. కరివేపాకు నేతిలో వేయించి, వాసన దిగాక ఏరెయ్యాలి, అంగిలికి అతుక్కునే ఆకు మింగలేని పిల్లలకి పెద్ద గండం. చల్లారితే గడ్డ కడుతుంది కాబట్టి వడ్డించేముందు వేణ్ణీళ్ళు రెండు లీటర్లు పక్కన ఉంచుకోవాలి. పెరుగు ఐదు లీటర్లు, గిలకొట్టినది. కీటో పిల్లలకి ఇదీ పనికిరాదు, వాళ్ళ డబ్బా ఇంటి నుంచి వస్తుంది. దాతలకి తినిపించాలని ఉంటుంది, సహజం. టీచరో ఆయమ్మో దగ్గరుండగా, పిల్ల నిటారుగా, తల కాస్త ముందుకి వంచి కూర్చున్నప్పుడు, చెంచాలో సగమే పెట్టాలి. ఫోటో కోసం తల పైకెత్తించి నోట్లో పెట్టడం ఎంత ప్రమాదమో దాతలకి తెలియదు, గేటు దగ్గరే చెప్పడం నయం.

నేత్రదానం గురించి ముందే ఆలోచించి పెట్టుకునేవాళ్ళు తక్కువ, ఆ వేళకి ఎవరికీ తోచదు. మామూలుగా రెండేళ్ళు దాటిన పిల్లల కార్నియాలు (కంటి ముందుండే పారదర్శక పొరలు) ఐబ్యాంకులు తీసుకుంటాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నా, ఫిట్స్ ఉన్నా, కళ్ళజోడు ఉన్నా అడ్డం కాదు. మెదడులో చూపు కేంద్రం దెబ్బతిని చూపు లేని పిల్లలకి కూడా కార్నియా స్వచ్ఛంగానే ఉండవచ్చు. కారణం తెలియని మెదడువాపు, రక్తంలో ఇన్ఫెక్షను, కామెర్ల వైరస్‌లు, రేబిస్, రక్త క్యాన్సరు ఉంటే తీసుకోరు. ఆరు గంటల్లోపు తియ్యాలి. వాళ్ళు వచ్చేలోగా రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచి, ఫ్యాను ఆపేయాలి. గాలికి కార్నియా ఎండిపోతుంది. ఇంటికే వస్తారు, పావుగంట ఇరవై నిమిషాల పని, ముఖంలో తేడా తెలియదు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ వారి ఐబ్యాంకు ఉంది, జిల్లా కేంద్రాల్లోనూ ఐబ్యాంకులున్నాయి. ఫోను నంబరు ఫ్రిజ్ మీద రాసి ఉంచే ఇల్లు అయితే తప్ప ఇది జరగదు.

ఇక డబ్బు. చాలా ఇళ్ళలో మొదటి విరాళం పిల్లాడి పింఛనులోంచే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000, పూర్తిగా మంచాన ఉన్నవాళ్ళకి 15,000. గార్డియన్‌గా తెరిచిన ఖాతాలో మిగిలింది ఏదో ఉంటుంది. ముందు గ్రామ, వార్డు సచివాలయంలో మరణం నమోదు చేయించి పింఛను ఆపించండి. ఆ తర్వాతి నెల డబ్బు పొరపాటున తీసుకుంటే వెనక్కి కట్టమంటారు, ఆ నోటీసు బిడ్డ పేరు మీదే వస్తుంది. ఆ కాగితం చూడటం ఎవరికీ వద్దు.

సొంత ట్రస్టు పెడదామని బంధువుల్లో ఒకరైనా అంటారు. పెద్ద మొత్తం లేకపోతే పెట్టకండి. రిజిస్ట్రేషను, పాన్, ఆదాయపన్ను మినహాయింపు అనుమతులు, ఏటా ఆడిటు, ఏటా రిటర్ను. రెండో ఏడు ఆడిటరు ఫీజుకే విరాళాలు అడగాల్సి వస్తుంది, మూడో ఏడు ట్రస్టీలు ఫోను ఎత్తరు. నడుస్తున్న స్కూలుకి ఇచ్చి, దేనికో స్పష్టంగా రాసివ్వడం మేలు. అసలు కదలకుండా వడ్డీ మాత్రమే వాడాలంటే ఉత్తరంలో 'కార్పస్ ఫండ్ కోసం' అని రాసి, సంతకం చేసి, రసీదులోనూ అదే మాట వేయించుకోవాలి. నోటి మాటగా చెబితే ఆ ఏడు జీతాల్లో కలిసిపోతుంది, వాళ్ళని అని లాభం లేదు. లక్ష రూపాయలకి ఆరున్నర శాతం లెక్కన ఏడాదికి వచ్చేది 6,500. దానితో పెద్ద పేరుతో స్కాలర్‌షిప్ పెట్టే బదులు వెల్‌క్రో, ఫోం, రెక్సిన్ ఖర్చుకి అని పెడితే నిజంగా ఖర్చవుతుంది. నగదుగా 2,000 మించి ఇస్తే పన్ను మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. మినహాయింపు కూడా పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకే.

అమెరికాలో ఉన్న మేనమామలు, బాబాయిలు పంపే డబ్బుకి ఇంకో మెలిక. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు దారిన పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థకి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఉన్న వాళ్ళ ప్రత్యేక ఖాతాకే పంపాలి. ఊళ్ళోని చిన్న స్కూలు మామూలు ఖాతాలో వేస్తే చిక్కుల్లో పడేది స్కూలే. ఇవ్వాలనుకున్నవాళ్ళు ముందు 'మీకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉందా అండీ' అని అడగాలి.

వస్తువు కంటే మనిషికి ఇవ్వడం మంచిదని నమ్మేవాళ్ళకి అందరికీ తెలిసిన తెలుగు ఇల్లు ఒకటుంది. సత్య నాదెళ్ల, అనుపమ దంపతుల కొడుకు జైన్ 1996లో మూడు పౌండ్ల బరువుతో, కడుపులో ఉండగానే ఊపిరాడక, సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. పుట్టిన రాత్రే బెల్‌వ్యూ నుంచి సరస్సు దాటించి సియాటిల్ చిల్డ్రన్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. 2021లో ఆ దంపతులు ఆ ఆసుపత్రికే కోటిన్నర డాలర్లు ఇచ్చారు, పిల్లల నాడీశాస్త్రంలో జైన్ పేరిట ఒక ప్రొఫెసరు పదవి ఏర్పడింది. 2022 ఫిబ్రవరిలో జైన్ పోయాడు. ఆ పదవి బిడ్డ బతికుండగానే పెట్టారు. ఎంత ఇచ్చారన్నది వదిలేయండి, పద్ధతి చూడండి: గోడ మీద పేరు కాదు, ఒక మనిషి ఏళ్ళ తరబడి చేసే పని. మన స్థాయిలో అదే పని వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టు జీతం. మారుమూల మండలానికి రావడానికి జీతం పైన ఆయన అడిగేది చాలాసార్లు బండి పెట్రోలు, మధ్యాహ్నం భోజనమే.

తేదీ విషయం ఒకటి మిగిలింది. స్పెషల్ స్కూళ్ళకీ ఏప్రిల్ ఆఖరు నుంచి వేసవి సెలవులు. బాబు పుట్టినరోజు మేలో వస్తే ఆ రోజు గేటుకి తాళం ఉంటుంది. ఆ నెలలో ఇవ్వదలచినది కార్పెంటరుకీ దర్జీకీ ఇవ్వండి. స్కూల్లో కుర్చీలన్నీ ఖాళీగా ఉండేది ఆ నెలన్నరే, ఫోం మార్చాలన్నా రెక్సిన్ కుట్టించాలన్నా అప్పుడే వీలు. జూన్ రెండో వారంలో పిల్లలు వచ్చాక అందరి కొలతలూ మళ్ళీ తియ్యాలి, సెలవుల్లో కొందరు కాస్త ఎదిగి వస్తారు.